వెండి రంగు రేకు

గాజుపలక మీద గీత పెట్టి, పట్టకారుతో సమంగా నొక్కింది వెండమ్మ. పలక టక్కుమని రెండయింది. ముక్కను దీపం కిందికి తెచ్చి అంచు చూసింది. నచ్చలేదు. పక్కన పడేసి మరొకటి విరిచింది. ఆరో ముక్కకు గాని మనసొప్పలేదు. ఆ అంచు కంటికి ఆనేది కాదు. దానిమీద వెలుగు జారే తీరును బట్టి పదునెంతో ఆమెకు తెలిసిపోతుంది.

వైరస్‌ల మీద పరిశోధన చేసే ఆ సంస్థలో, కిటికీ లేని ఈ చిన్నగదిలో ముప్పై ఒక్కేళ్ళుగా ఆమె పని కోయడం. జిగురుదిమ్మలో గట్టిపడిన కణాలను, తలవెంట్రుకను నిలువునా వెయ్యి చీలికలు చేస్తే ఒక చీలిక ఎంతుంటుందో అంత పలచగా, అలా విరిచిన గాజుముక్కే కత్తిగా బిగించిన యంత్రం మీద కోస్తుంది. కోసిన రేకు కత్తి వెనక చిన్న తొట్టిలో నీళ్ళ మీద తేలుతుంది. మందమెంతో దాని రంగే చెబుతుంది. బంగారు రంగయితే మందం. వెండి రంగయితే సరి. "వెండి రాలేదు, పారెయ్" అని పని నేర్చుకోను వచ్చినవాళ్ళందరి మీదా కేకలేసీ కేకలేసీ ఆ పేరు తెచ్చుకుంది. సొంత పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

ఇంట్లో కూరలు తరిగేది మాత్రం ఆమె మొగుడే. పెళ్ళయిన కొత్తలో ఆమె ఒక బంగాళాదుంపతో కుస్తీ పడుతుంటే అత్తగారు చూసి, "ఇది కోసేలోపు మనకి మనవలు పుడతారు" అని చాకు కొడుకు చేతికిచ్చేసింది.

మూడు నెలల కిందట టీ తాగుతుంటే సాసరులో కప్పు గలగలమంది. కుడిచెయ్యి. డాక్టరు చూసి, వణుకు పెరుగుతుందే గాని తగ్గదన్నాడు. డాక్టరు గాక, ఆ సంగతి ఆమెకూ మొగుడికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

పది గంటలకు పరిశోధన చేసే అమ్మాయి వచ్చింది. అరచేతిలో చిన్న డబ్బా. అందులో శనగగింజంత దిమ్మ.

"ఇదొక్కటే మిగిలిందండీ వెండమ్మగారూ. చిల్లు ఫొటో చూపిస్తే గాని పత్రికవాళ్ళు మా వ్యాసం వెయ్యరట."

ఆ చిల్లు సంగతి వెండమ్మకు నాలుగేళ్ళుగా తెలుసు. కొన్ని వైరస్‌లకు ఒంటిమీద కొవ్వు పొర ఉంటుంది. కణం గోడా కొవ్వుపొరే గనక రెండు నూనెచుక్కల్లా కలిసిపోతాయి, దారి దొరుకుతుంది. అమ్మాయి పరిశోధిస్తున్న ఈ వైరస్‌కు ఆ పొర లేదు, ఉత్త పెంకే. కణమే దాన్ని ఒక సంచిలో చుట్టి మింగుతుంది. సంచిలో ఉన్నంతకాలం లోపలున్నా బయటున్నట్టే. కాసేపటికి సంచిలో పులుపెక్కుతుంది, పెంకు సడలుతుంది, అందులో దాగిన ఓ తునక బయటికొచ్చి సంచి గోడను పొడుస్తుంది. ఇదంతా ఇంట్లో చెబితే మొగుడు నోరెళ్ళబెట్టాడు. "అంటే దొంగని మనమే మూటగట్టి ఇంట్లోకి మోసుకొస్తే, వాడు మూటకే కన్నం వేశాడన్నమాట!"

అమ్మాయి పాత ఫొటోలు పరిచింది. అన్నిట్లోనూ సంచి గోడా వైరస్సూ ఒకదాని మీద ఒకటి పడి మసకగా ఉన్నాయి.

"వెండితో పనికాదు. ఇంకా పలచగా కొయ్యాలి. బూడిద రంగు రావాలి," అంది వెండమ్మ.

"అంత పలచగానా? చిరిగిపోతే?"

"చిరిగితే నన్నడుగు. ఇప్పుడు మాత్రం కదలకుండా కూర్చో."

తలుపు మూసి, గాలిపంకా ఆపింది. దిమ్మ కత్తి మీదుగా దిగింది, లేచింది, మళ్ళీ దిగింది. మొదటి రెండు రేకులూ చుట్టుకుపోయాయి. మూడోది నీళ్ళ మీదికి జారింది. రంగు లేనట్టే ఉంది. పొగలాంటి బూడిద. వెనకే మరో నాలుగు.

ఇక వాటిని మైక్రోస్కోపులో పెట్టే చిన్న రాగిజల్లెడ మీదికి ఎత్తాలి. పుల్లకు అంటించిన కనురెప్ప వెంట్రుకతో తొయ్యాలి. ఆ వెంట్రుక మొగుడిదే, ఆమెవి మరీ మెత్తన. కుడిచెయ్యి తొట్టి దగ్గరికి రాగానే వెంట్రుక కొస అదిరింది. నీళ్ళు అల్లాడాయి. రేకులు చెదిరి అంచుకు కొట్టుకుపోబోయాయి.

చెయ్యి వెనక్కి తీసుకుంది. మోచేయి బల్లకు ఆనించి, ఎడమచేత్తో కుడి మణికట్టు బిగించి పట్టింది. ఊపిరి వదిలింది. ఒక అదురుకూ ఇంకో అదురుకూ మధ్య చిన్న ఖాళీ ఉంటుందని ఈ మూడు నెలల్లో కనిపెట్టింది. ఆ ఖాళీ కోసం కాచుకుని ఒక్క తోపు తోసింది. రేకు జల్లెడ మీదికెక్కింది. ఐదింటినీ ఎక్కించేసరికి మధ్యాహ్నమైంది. మెడ పట్టేసింది. అమ్మాయి కళ్ళు మణికట్టు మీదే ఉన్నాయి.

నాలుగింటికి పక్క గదిలోంచి కేక వినబడింది. "వెండమ్మగారూ, త్వరగా రండి!"

మైక్రోస్కోపు తెర మీద గుండ్రటి సంచి. దాని గోడ సన్నటి గీతలా తీర్చినట్టుంది. లోపల ఒక మూల వైరస్ ఆనుకుని ఉంది. సరిగ్గా అక్కడే గీత తెగింది. మిగతా గోడంతా చెక్కుచెదరలేదు. అది కోతలో పడ్డ చిరుగు కాదు, వైరస్ పొడిచిన చిల్లే. కోత తప్పుంటే ముందు ఆమే పట్టుకునేది. వెండమ్మ నడుం నిటారుగా పెట్టి చాలాసేపు చూసింది. తనంతటి పనిమంతురాలు లేదని ఆ క్షణాన ఎవరైనా అంటే కాదనేది కాదు.

"వ్యాసంలో మీ పేరు పెట్టాల్సిందే," అంది అమ్మాయి. పెన్ను తీసి ఆగిపోయింది. "ఇంతకీ మీ అసలు పేరేంటండీ?"

వెండమ్మ పడీపడీ నవ్వింది. తర్వాత ఒక్కో అక్షరమే చెప్పి రాయించింది. ఒత్తు తప్పు పడితే దిద్దించింది కూడా. ఆపైన తన చేతిసంచిలోంచి ఒక కవరు తీసి ఇచ్చింది.

"ఇది పెద్దాయనకివ్వు. రేపట్నుంచి రాను."

"రిటైరవడానికి ఇంకా రెండేళ్ళుందిగా! అదీ ఇంత బాగా కోశాక..."

"ఇంత బాగా కోశాను గనకే. చెయ్యి చెప్పిన మాట వినడం మానేస్తోందమ్మా. చెడ్డ కోత కోసి పోవడం నాకిష్టంలేదు."

అమ్మాయి కళ్ళు తుడుచుకునేలోపే వెండమ్మ ఆమె భుజం తట్టి, ఐదింటి బస్సు అందుకోవడానికి వెళ్ళిపోయింది.

కాసేపటికి అమ్మాయి చిన్నగదిలోకి వచ్చి వెండమ్మ కుర్చీలో కూర్చుంది. కాళ్ళకు ఏదో తగిలితే వంగి చూసింది. బల్లకింద ఒక చెక్కపలక, పొట్టిమనిషి కాళ్ళకు ఎత్తుగా ఉండాలని ఎవరో ఇంట్లో కొట్టి తెచ్చినట్టుంది. దానిమీద పక్కపక్కనే, అరిగి నునుపెక్కిన రెండు మడమల గుంటలు.