లేదన్న మాత్ర

మందుల షాపులో పదహారేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ మందులక్క అంటారు. ఏ డబ్బా ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలదు. డబ్బాల్లో మడతపెట్టి వచ్చే కాగితాలను మాత్రం ఏనాడూ చదివిన పాపాన పోలేదు. షాపు కౌంటరుకు ఒక కాలు పొట్టి. దాని కింద పెట్టడానికే ఆ కాగితాలు అచ్చువేస్తారని ఆమె ఉద్దేశం కాబోలు.

శనివారం పొద్దున్నే బొత్తాలమ్మాయి వచ్చింది. ఫ్యాక్టరీలో చొక్కాలకు బొత్తాలు కుట్టే పిల్ల, చంకలో ఏడు నెలల పాప. ఎప్పుడూ అత్తగారి మోకాళ్లకు ఆయింట్‌మెంటు కోసం వచ్చేది, ఈసారి గొంతు బాగా తగ్గించింది.

"మొన్న రాత్రి కండోమ్ చిరిగిపోయిందక్కా. గర్భం రాకుండా వెంటనే వేసుకునే మాత్ర ఉంటుందట కదా, అదివ్వండి. కాన్పులో రక్తం చాలా పోయింది. రెండేళ్లదాకా మళ్లీ వద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది."

మందులక్క కళ్లు పాప మీదే ఉన్నాయి. ఆమెకు పెళ్లయి పద్నాలుగేళ్లు. ఎక్కని ఆస్పత్రి మెట్టు లేదు, అయినా ఒడి నిండలేదు.

"స్టాకు లేదమ్మా. సోమవారం రా."

ఒక ప్రాణాన్ని కాపాడానని తనకు తానే సర్దిచెప్పుకుంది. మనసు సర్దుకుంటేనా? అన్నం సయించలేదు, మొగుడు పలకరిస్తే కసురుకుంది.

ఆదివారం షాపుకు సెలవు. అరలు తుడిచే వంకతో తాళం తీసి, ఆ మాత్ర డబ్బా విప్పి కాగితం పరిచింది. తను చేసింది సరైన పనేనని అచ్చులో చూసుకుంటే చాలనుకుంది. కాగితం ఆమె పక్షాన మాట్లాడలేదు. ఈ మాత్ర అండం విడుదల కాకుండా ఆపుతుంది, లేదా ఆలస్యం చేస్తుంది. అప్పటికే గర్భం నిలిచి ఉంటే దాన్నేమీ చెయ్యదు. పాలిచ్చే తల్లులూ వేసుకోవచ్చు. ఎంత త్వరగా వేసుకుంటే అంత మంచిది, మూడు రోజులు దాటనివ్వకూడదు.

గురువారం రాత్రి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టింది. గడువు ఈ రాత్రికే. తను రమ్మన్నది రేపు.

కాపాడిన ప్రాణం లేదు, ఏమీ లేదు. ఉన్నదల్లా కడుపుమంట. దాన్ని పుణ్యం అనుకుని ఒక పసిబిడ్డ తల్లిని ప్రమాదంలోకి తోసింది. సిగ్గుతో చితికిపోయింది. మాత్రతోపాటు ఆయింట్‌మెంటు ట్యూబొకటి సంచిలో వేసుకుని పరుగులాంటి నడకతో వెళ్లింది.

గుమ్మంలో అత్తగారు కాళ్లు చాపుకుని కూర్చుంది. "ఏంటమ్మా, ఈమధ్య మందులే ఇంటికి నడిచొస్తున్నాయా?" అంది నవ్వుతూ. ట్యూబు ఆమె చేతిలో పెట్టి, మంచినీళ్లు కావాలంటూ మందులక్క వంటింట్లోకి దూరింది.

అక్కడున్న బొత్తాలమ్మాయి పాపను ఆమె చేతికిచ్చి, ఆమె తెచ్చిన మాత్ర మింగింది. పాప ఆమె కొంగు గుప్పిట పట్టుకుంది. బరువుగా, వెచ్చగా ఉంది.

"రెండు మూడు గంటల్లోపు వాంతయితే వెంటనే నాకు చెప్పు. ఇంకోటి వేసుకోవాలి."

"పనిచేస్తుందాక్కా?"

"చెయ్యొచ్చు. నిన్నే వేసుకునుంటే ఇంకా నమ్మకంగా ఉండేది." పాపను భుజానికి ఎత్తుకుంది. "నిన్న కూడా ఉందమ్మా. నేనే లేదన్నాను."

"తెలుసు. అద్దాల అరలో మీ భుజం వెనకే కనబడుతూనే ఉంది."

"మరి అడగలేదేం?"

"మీ అంతటి వాళ్లు లేదంటే, నేనే ఏదో తప్పు చేస్తున్నానేమో అనుకున్నాను. ఇంకో షాపుకి వెళ్లడానికి కూడా మొహం చెల్లలేదు."

మందులక్క కళ్లు దించుకుంది. నిన్నటి నుంచి తను మోయాల్సిన తప్పును ఈ పిల్ల మోసింది.

"నెలసరి వారం దాటినా రాకపోతే షాపుకి రా. పరీక్ష చేసుకునే కిట్ ఇస్తాను," అంది.

బొత్తాలమ్మాయి పాపను వెనక్కి తీసుకుంది. ఆ చిన్ని గుప్పిట్లోంచి కొంగు వదిలించడానికి ఒక్కో వేలూ విడదీస్తూ, కోపం లేకుండానే అంది.

"వస్తానక్కా. ఈసారి ఉంటే ఉందని చెప్పండి."