అందరూ తోసే బండి

బస్సు నడిపేవాళ్లు రోడ్డు చూస్తారని జనం అనుకుంటారు. నేను బండ్లు చూస్తాను. రోడ్డు ఎటూ కనిపిస్తూనే ఉంటుంది.

కొరియాలో, పూసాన్ నగరంలోని యొంగ్దో ద్వీపంలో కొండ చుట్టూ తిరిగే చిన్న బస్సు నాది. విదేశీ బండ్లు ఎదురొస్తే నేను తల కూడా తిప్పను. వాటికి దుప్పట్లు కప్పి, వేలిముద్ర పడకుండా తుడిచి దాచుకునేవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. నాకు కావలసినవి ఒకప్పుడు అందరూ నడిపిన బండ్లు. పెళ్లయిన కొత్తలో కొన్నవి, వెనక సీట్లో నలుగురు పిల్లల్ని కుక్కి సముద్రానికి తీసుకెళ్లినవి, సీటు కింద ఇసుక ఏళ్ల తరబడి ఉండిపోయినవి. అందరి దగ్గరా ఉన్నాయి కాబట్టి ఎవరూ దాచుకోలేదు. ఇప్పుడు వాటిలో ఒక్కటి కనబడినా నాకు ప్రాణం లేచివస్తుంది.

"నన్నెప్పుడైనా అలా కళ్లప్పగించి చూశావా?" అని మా ఆయన దెప్పుతుంటాడు.

"నీ మోడల్ ఇంకా రోడ్ల మీద బోలెడు తిరుగుతోంది" అని నేనంటాను.

నాలాంటి పిచ్చివాళ్లందరం కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నాం. అందులో నియమం ఒకటే. ఏ బండి చూశామో చెప్తాం, ఎక్కడ చూశామో చెప్పం. చెబితే మర్నాటికి బేరగాళ్లు ఈగల్లా ముసురుతారు. అలా నేను గ్రూపుకు ఎక్కడని చెప్పకుండా దాచుకున్న బండి మా అపార్ట్‌మెంట్లలోనే ఉంది. లేత నీలం ప్రైడ్, ఒకప్పుడు ఇంటింటా కనిపించిన చిన్న కారు. ఊరి పేరున్న పాత ఆకుపచ్చ నంబరు పలక, తుప్పు తిన్న వెనక తలుపు, అడ్డమైతే ఫోన్ చెయ్యమని అద్దం దగ్గర పెట్టే నంబరు కార్డు, ఎండకు అంకెలన్నీ పోయింది. యజమాని ఎవరో మాత్రం నాక్కూడా తెలియదు.

మా అపార్ట్‌మెంట్లు కట్టిన రోజుల్లో ఇంటింటికీ బండి వస్తుందని ఎవరూ అనుకోలేదు. చీకటి పడేసరికి పార్కింగ్ గళ్లన్నీ నిండిపోతాయి. ఆలస్యంగా వచ్చినవాళ్లు ఆ వరసకు అడ్డంగా పెట్టి, గేరు న్యూట్రల్‌లో వదిలి, హ్యాండ్ బ్రేకు దించి ఇంటికి పోతారు. పొద్దున్నే ఆఫీసుకు వెళ్లేవాడు తనకు అడ్డున్న బండిని చేత్తో పక్కకు తోసుకుని బయటపడతాడు. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. న్యూట్రల్‌లో వదలకుండా పోయినవాణ్ని మాత్రం ఏడు తరాలు కలిపి తిడతారు.

ప్రైడ్ రోజూ తెల్లవారేసరికి ఇలా అడ్డంగానే ఉంటుంది. ఒకటో బ్లాకతను ఎడమకు తోస్తాడు. స్కూలు పంతులమ్మ కూడా వెనకనుంచి అటే తోస్తుంది. ఇంకొకరు ఇంకాస్త ముందుకు తోస్తారు. మధ్యాహ్నానికి అది చెత్త వేరుచేసే షెడ్డు పక్కకు చేరుతుంది, రాత్రి దాకా అక్కడే ఉంటుంది. మర్నాడు మళ్లీ గళ్ల ముందు. రాత్రిపూట ఎవరో ఇవతలికి తోస్తున్నారని అందరూ అనుకునేవారు. అనుకోవడానికేముంది.

అది నడవడం చూసినదాన్ని నేనొక్కదాన్నే. నా మొదటి ట్రిప్పు వంతెన దగ్గరికి వచ్చేసరికి, ఇంకా చీకటి ఉండగానే, అది ఎదురుగా వస్తుంది. ఒక లైటు బాగా, ఒక లైటు కాస్త గుడ్డిగా. లోపల ఒక ఉన్ని టోపీ. అంతే కనిపించేది.

ఒక బుధవారం డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి షెడ్డు పక్కనున్న ప్రైడ్ అద్దం మీద కాషాయ రంగు కాగితం అంటించి ఉంది. 'వదిలేసిన వాహనం. శనివారం లోగా తొలగించనిచో తుక్కుకు తరలించబడును.'

నాకు ఒళ్లు మండిపోయింది. ఇంటికెళ్లి వేడినీళ్లు, గరిటె తెచ్చి ఆ కాగితాన్ని గీకడం మొదలుపెట్టాను. సగం గీకానో లేదో నివాసుల సంఘం అధ్యక్షుడు గుక్ వచ్చాడు. వెనకే మూడో బ్లాకు యాంగ్ అమ్మగారు. ఎక్కడ గొడవ జరిగినా ఆవిడ అక్కడుంటుంది.

"ప్యో గారూ, ఏంటిది? అది సంఘం అంటించిన కాగితం" అన్నాడు గుక్.

"సంఘం అబద్ధం అంటించింది. తీసేస్తున్నా."

"ఈ బండి మీదా?"

"కాదు."

"మీ చుట్టాలదా?"

"కాదు."

"మరి మధ్యలో మీకేంటి నొప్పి?"

"బతికున్నదాన్ని పట్టుకుని చచ్చిందంటే ఎవరికైనా నొప్పేనండీ. రోజూ తెల్లారకముందే నాకు ఎదురొస్తుందిది. లైట్లు వేసుకుని మరీ."

యాంగ్ అమ్మగారు పకపకా నవ్వింది. "ఆరేళ్ల నుంచి తోస్తున్నా దీన్ని. ఒక్కనాడు దానంతటది కదిలిన పాపాన పోలేదు. కావాలంటే నా మోకాళ్లనడుగు."

"ఫోటో ఏమైనా ఉందా?" అన్నాడు గుక్.

"బస్సు నడుపుతూ ఫోటోలు తియ్యమంటారా? నా ఉద్యోగం పోతే మీరు పోషిస్తారా?"

"చూడండమ్మా, ఇల్లు కొందామని వచ్చినవాళ్లకు గేటు దాటగానే ఈ డొక్కే కనబడుతోంది. రేటు పడిపోతోందని అందరూ నన్ను తింటున్నారు. పైగా చేపల కంపొకటి."

"చచ్చిన బండికి రోజూ తాజా చేపల కంపెలా వస్తుందండీ?"

"కుళ్లుతోందేమో" అన్నాడు. ఇద్దరూ నవ్వారు.

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. "శనివారం పొద్దున ఈ బండి ఓనరును తెచ్చి మీ ముందు నిలబెడతా. అప్పుడు మాట్లాడండి" అనేశాను. ఆ ఓనరు ఆడో మగో కూడా నాకు తెలియదు.

మర్నాడు వంతెన దగ్గర సిగ్నల్లో ప్రైడ్ ఎదురుగా ఆగింది. నేను కిటికీ తెరిచి గొంతు చించుకున్నాను.

"ఏయ్, నీలం ప్రైడూ! నిన్నే!"

దాని అద్దం దిగదేమో, తలుపు కాస్త తెరుచుకుంది. ఉన్ని టోపీ కింద నలభై దాటిన ఆడమనిషి మొహం. "ఏంటక్కా? వెనకనుంచి పొగొస్తోందా?"

"పొగ కాదు. నీతో మాట్లాడాలి!"

"సాయంత్రం మార్కెట్ వెనక పులుసన్నం కొట్టుకు రా. బాంగ్ ఓక్జు అంటే ఎవరైనా చెప్తారు!"

"డ్రైవరమ్మా, లైటు పచ్చగయింది. మీ ముచ్చట్లకు మా పనులు పోయేట్టున్నాయి" అంది వెనకనుంచి ఒక ముసలమ్మ. బస్సంతా గొల్లున నవ్వింది. నవ్వుకోనీ అనుకున్నాను, నాకు ఓనరు దొరికింది.

ఓక్జు రాత్రంతా చేప ముద్దలు వేయిస్తుంది. చేతుల నిండా నూనె చిట్లిన మచ్చలు. వేడివేడిగా వాటిని బండిలో వేసుకుని కొట్టుకొట్టుకూ దించి, తెల్లవారే వేళకు ఇంటికొచ్చి, దొరికిన చోట బండి అడ్డంగా పెట్టి పడుకుంటుంది. లేచేసరికి సాయంత్రం. తన బండిని ఎవరెవరు ఎక్కడికి తోస్తున్నారో ఆమెకు పట్టదు.

కాగితం సంగతి, మా గ్రూపు సంగతి చెప్పాను. ఆమె పులుసులో అన్నం కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"చూశా. సగం గీకింది నువ్వేనా? ఎందుకక్కా నీకా శ్రమ? నేనే తుక్కువాణ్ని రమ్మన్నా. శనివారమే వస్తాడు."

నా చెంచా చేతిలోనే ఉండిపోయింది. "అదేంటి? ఎందుకూ?"

"మా మరిది చిన్న వ్యాను చూశాడు. దానికి హీటరుంది. హీటరు, అక్కా! తలుపు తెరవకుండా అద్దం దిగుతుంది కూడా."

"ఓక్జూ, ఈ ద్వీపం మొత్తం మీద అలాంటిది అదొక్కటే మిగిలింది. నేను రోజూ తిరుగుతాను, నాకు తెలుసు. అది పోతే ఇక లేదు."

"లేకపోతే?"

"లేకపోతే... లేనట్టే కదా."

ఆమె చెంచా కింద పెట్టి నా వైపు చూసింది. "నీకేం, ఎదురొచ్చినప్పుడు చూసి మురిసిపోతావు. నీ బస్సులో హీటరుంది. చలికాలంలో కాళ్లకు ప్లాస్టిక్ సంచులు చుట్టుకుని అది నడిపేది నేను. చూసేవాళ్లకు అన్నీ ముద్దుగానే ఉంటాయి. అంత ముద్దొస్తే తీసుకుపో."

తీసుకుపోదామనే ఉంది నాకు. కానీ మా ఇంటికి సంఘం ఇచ్చేది ఒక్క బండికే అనుమతి, అందులో మా ఆయన బండి ఉంది. నేను తలొంచుకుని పులుసన్నం తిన్నాను. ఏడుపొచ్చింది. కోపమొచ్చింది. ఆమె మీద కాదు, ఆమె అన్నదాంట్లో తప్పు లేకపోయినందుకు.

శనివారం నాకు సెలవు. కిందికి పోకుండా ఇంట్లోనే కూర్చుందామనుకున్నాను. తుక్కు లారీ వెనక్కి వస్తున్న మోత వినబడగానే చెప్పులేసుకుని పరుగెత్తాను. చూడకుండా ఎలా ఉంటాను?

ఆ వేళ ఓక్జు ఆలస్యంగా వచ్చినట్టుంది, ప్రైడ్ ఇంకా గళ్ల ముందే అడ్డంగా ఉంది. చుట్టూ చాలామందే చేరారు. గుక్ నన్ను చూసి, "ఏరండీ ప్యో గారూ, మీ ఓనరు?" అన్నాడు. నేను లారీ వైపు తిరిగాను. 

"సరే, అందరూ తలా ఒక చెయ్యి వెయ్యండి. ఈ శవాన్ని మొయ్యడం మనకివాళ్టితో సరి" అన్నాడు గుక్, ముందుకు రాబోతూ. యాంగ్ అమ్మగారు చప్పట్లు కొట్టింది.

"శవమా?"

మెట్ల దగ్గర రబ్బరు బూట్లతో ఓక్జు నిలబడి ఉంది. తుక్కువాడికి తాళంచెవి ఇవ్వడానికి దిగి వచ్చినట్టుంది, చేతిలోనే ఉంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు గుక్.

"మీరు శవమంటున్నారే, దాని తాలూకు మనిషిని. నా పెళ్లికి ముందు నుంచీ నాతో ఉందిది."

"అయితే మీకే చెప్పాలి. ఇన్నేళ్లూ నడవని బండిని మా అందరి చేతా తోయిస్తున్నారు మీరు."

"అడ్డంగా పెడితే తోస్తారు. మీ బండ్లు నేను తోయలేదా? నడవదని ఎవరు చెప్పారు మీకు?"

"మేమంతా చూస్తూనే ఉన్నాంగా!" అంది యాంగ్ అమ్మగారు.

"ఏం చూశారు? అందరూ వెనకనుంచే తోశారు కదూ? ఆరేళ్లలో ఒక్కరైనా ముందువైపుకొచ్చి దీని మీద చెయ్యి పెట్టారా? రండి. పెట్టండి. ఇప్పుడు."

ఎవరూ కదల్లేదు. చివరికి యాంగ్ అమ్మగారే, తనకు భయమేంటన్నట్టు, వెళ్లి బానెట్ మీద అరచెయ్యి ఆనించింది. వెంటనే లాగేసుకుంది.

"అమ్మో! కాలుతోంది!"

 ఒకటో బ్లాకతను వచ్చి చెయ్యి పెట్టాడు. తర్వాత పంతులమ్మ. తర్వాత కాపలా పెద్దాయన, ఆయనైతే చలిమంట కాచుకున్నట్టు రెండు చేతులూ పెట్టి అలాగే ఉండిపోయాడు. నేనూ పెట్టాను. ఇన్నేళ్లు చూడడమే గాని ఎన్నడూ ముట్టుకోలేదు. ఆ వేడి నా మోచేతి దాకా పాకింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, ఎవరు చూస్తే నాకేం అనుకున్నాను.

గుక్ మాత్రం చెయ్యి పెట్టలేదు. లారీ అతనితో ఏదో గుసగుసలాడి వచ్చాడు. "వేడిగా ఉంటే ఉండనీండి. తుక్కువాణ్ని పిలిచింది మీరేనట కదా?"

"పిలిచా. నా బండి. నేను పంపుకుందామనుకున్నా. మీచేత పారేయించుకోవడానికి కాదు." లారీ అతని వైపు తిరిగింది. "వద్దులే బాబూ, పో."

"ఇంత దూరం వచ్చానక్కా!"

ఆమె వెనక సీట్లోంచి చేప ముద్దల సంచీ తీసి అతని చేతిలో పెట్టింది. అతను ఒకటి నోట్లో వేసుకుని, నములుతూ లారీ ఎక్కాడు.

ఓక్జు ప్రైడ్‌లో కూర్చుని తాళం తిప్పింది. ఒకసారి దగ్గింది. రెండోసారి అంటుకుంది. వెనకనుంచి నల్లగా పొగ వదిలి, లైట్లు వేసుకుని, ఆవరణ చుట్టూ ఒక్క చుట్టు తిరిగింది. పిల్లలు వెంట పరుగెత్తారు. తిరిగొచ్చి, గుక్ కొత్త కారు ముందు, రెండు వైపులా ఎటూ పోవడానికి లేకుండా సరిగ్గా అడ్డంగా పెట్టింది. గేరు న్యూట్రల్‌లో వేసింది, హ్యాండ్ బ్రేకు దించింది, తాళంచెవి జేబులో వేసుకుంది.

నా పక్కనుంచి పోతూ ఆగింది. "నీ కోసం కాదక్కా. అంత మురిసిపోకు."

"తెలుసు."

"మీ పిచ్చి గ్రూపులో హీటరు బాగుచేసేవాడెవడైనా ఉంటే చెప్పు. ఈ చలికాలం గడవాలి."

"ఉన్నాడు" అన్నాను. ఉన్నాడో లేడో నాకు తెలియదు. లేకపోతే పుట్టిస్తాను.

ఆమె నిద్రకు పైకి వెళ్లిపోయింది. జనం పలచబడ్డారు. గుక్ కారులో కూర్చున్నాడు, దిగాడు, ప్రైడ్ వైపు చూశాడు. ఎవరి పెళ్లికో వెళ్లాలన్నట్టు మంచి కోటు వేసుకున్నాడు. ఫోన్ చేద్దామా అంటే కార్డు మీద నంబరు లేదు. మూడో అంతస్తులో కిటికీ తెరుచుకుని ఓక్జు తల బయటికి వచ్చింది.

"మెల్లగా తోయండి అధ్యక్షుడు గారూ! సోమవారం కూడా అక్కడే పెడతా!"

గుక్ కోటు విప్పి తన కారు మీద పెట్టి, ప్రైడ్ వెనక్కి వెళ్లి వంగాడు. ఒక చెయ్యి సాయం పట్టమన్నట్టు నా వైపు చూశాడు. నేను పట్టలేదు.