పిడుగు రాళ్లు

జమ్మలమడుగుకు దిగువన, పెన్న ఒడ్డునున్న గులకరాళ్ల దిబ్బ దక్కితేనే దాన్ని ఆనుకున్న రైతు షరీఫ్ చేను దక్కుతుంది. లేకుంటే రెండూ నాపరాళ్ల క్వారీ పాలే. అందుకని, ప్రొద్దుటూరు కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మల్లికార్జునయ్య ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, పురావస్తు శాఖ నుంచి తేజస్వి అనే అధికారిణిని రప్పించాడు. ఆది మానవుల పనిముట్లు చెదరని పొరలో దొరికితే దిబ్బను ఎవరూ ముట్టుకోరు.

మల్లికార్జునయ్య ముందే మేకులు కొట్టి గుర్తు పెట్టిన చోట తవ్వించారు. పెచ్చులు రేపి చేసిన మొరటు చేతిగొడ్డలి ఒకటి బయటపడింది. పాత రాతియుగానిది. మల్లికార్జునయ్యకు కళ్లు చెమర్చాయి.

"ఇంగా లోతుకు తవ్వండి మేడం" అన్నాడు గట్టుమీది షరీఫ్.

తవ్వితే దాని కింద మూడు గొడ్డళ్లు, అరగదీసి నున్నగా చేసినవి. అవి కొత్త రాతియుగానివి. తాత కంటే ముందు మనవలు పుట్టినట్టుంది వరస. తేజస్వి ఒకదాన్ని బ్రష్షుతో తుడిచింది. గంటులో పసుపు.

మల్లికార్జునయ్య గుర్తుపట్టాడు. అవి పిడుగు రాళ్లు. ఇంటిమీద పిడుగు పడకుండా ఆ ఊరివాళ్లు గాదెమీద పెట్టి, పసుపు పూసి కొలుచుకునేవి.

షరీఫ్ దాచలేదు. "ఎంత లోతుంటే అంత పాతదని సారే చెప్పె. ఇండ్లిండ్లు తిరిగి అడిగితి. దేవున్ని ఇచ్చినట్టు ఇచ్చిరి. తెచ్చి అడుగున పూడ్చితి."

"నున్నవి ఎందుకు పెట్టినావప్పా?" అన్నాడు మల్లికార్జునయ్య.

"పనితనం శానా బాగుండాది గదా సార్, పాతకాలందే అనుకుంటి. ఇప్పుడోళ్లకు యాడొస్తాది?"

పూడ్చేటప్పుడు గొయ్యంతా కెలికేశాడు గనుక మొరటు గొడ్డలికీ విలువ పోయిందని తేజస్వి మెల్లగా చెప్పింది. రిపోర్టులో చెదిరిన పొర అని రాస్తాననీ, ఎవరి పేరూ ఎత్తననీ అంది. ఆ మాత్రం దయ చూపింది. రాళ్లు మాత్రం తిరిగి ఇవ్వలేనంది. ఎక్కడివైనా అవి పురావస్తువులే. సంచిలో కట్టి జీపులో పెట్టించింది.

మబ్బు పట్టింది. షరీఫ్ ఊళ్లోకి నడిచాడు. అతను వద్దన్నా మల్లికార్జునయ్య వెంట వెళ్లాడు. రాళ్లు ఇచ్చిన ఇళ్లలో మొదటిది కమలాంబ అనే ముసలామెది.

"దిబ్బ దక్కెనా నాయనా?"

షరీఫ్ తల అడ్డంగా ఊపాడు. ఆమె అతని ఉత్త చేతులు చూసింది. రాయి ఊసెత్తకుండా లోపలికి వెళ్లి, కాళ్లు కడుక్కోమని చెంబుతో నీళ్లు తెచ్చింది.

అందుకోవడానికి షరీఫుకు చేతులు రాలేదు.