రెండో బొమ్మ

బందరు నుంచి అక్క వస్తోందని తెలిసిన దగ్గర్నుంచీ గోపాలరావుకి కాలూ చెయ్యీ ఆడడం లేదు. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆ కోటేశ్వరమ్మే. సెక్రటేరియట్‌లో ఎంత పెద్ద ఆఫీసరు రాసిన నోటుకైనా వంకలు పెట్టగల మనిషి, అక్క ముందు మాత్రం పలక పట్టుకున్న పిల్లాడైపోతాడు. పైగా ఈసారి ఆవిడ ఊరికే రావడం లేదు. "మీరుంటున్నది ఇల్లో, రైల్వేవాళ్ళ గోదామో నా కళ్ళతో చూస్తాను. మనుషులుండే చోటు కాదనిపించిందా, మర్యాదగా గుంటూరికి బదిలీ పెట్టుకో" అని ముందే కబురు చేసింది. గోపాలరావు బదిలీ దరఖాస్తు రాసుకుని చొక్కా జేబులో పెట్టుకు తిరుగుతున్నాడు.

అతని భార్య వసుమతి గుండెల్లో రాయి పడింది. రాజధాని మారినప్పుడు ఈ ఊరికి ఏడుస్తూ వచ్చిన మాట నిజమే. ఇప్పుడు మాత్రం పొమ్మన్నా పోదు. గుంటూరులో వీధికో చుట్టం, అరుగుకో ఆరా. ఇక్కడ ఆబిడ్స్‌లో అద్దాల కొట్ల ముందు సాయంత్రమంతా నిలబడినా "ఎవరి కోడలివమ్మా?" అని అడిగే నాథుడు లేడు. ఆ సుఖం ఎంతటిదో పదిమంది ఆడబిడ్డల మధ్య కాపరం చేసినవాళ్ళకి తెలుస్తుంది.

కానీ వదినగారు అన్నదాంట్లో అబద్ధం ఏముంది? నాంపల్లి స్టేషను వెనక సందులో వాళ్ళది పాతకాలపు ఇంట్లో ఒక వాటా. ముందు గది కప్పు ఎంత ఎత్తంటే, బల్బు మాడిపోతే మార్చడానికి మనిషిని పిలవాలి. అంత గదిలోనూ ఉన్నది ఒక నులకమంచం, ఒక ఇనప మడతకుర్చీ, కూర్చోడానికి కూడా పనికొచ్చే ఒక ట్రంకుపెట్టె. మాట్లాడితే ప్రతిధ్వని వస్తుంది.

సరే, ఈ గదిని గది చెయ్యాల్సిందే అని వసుమతి నడుం కట్టింది. ఎలా ఉండాలో తెలియాలి కదా, అందుకని ఊరి మీద పడింది. ఆబిడ్స్‌లో ఫర్నిచరు షాపు అద్దానికి ముక్కు ఆనించి చూసింది. సుల్తాన్ బజార్‌లో తెరల బట్టలు తడిమి తడిమి కొట్టువాళ్ళకి విసుగు తెప్పించింది. లక్డీకాపూల్ దగ్గర ఒక పెద్ద హోటలు హాలు ఎలా ఉంటుందో చూడాలని మొగుణ్ణి టీకి తీసుకెళ్ళింది. అక్కడ ఆమె గోడలూ కుర్చీకాళ్ళూ చూస్తుంటే టీ చల్లారిపోయింది, గోపాలరావు మాత్రం బయటికొచ్చేదాకా వెయిటరు మొహం చూడలేక తల దించుకునే ఉన్నాడు.

చివరికి దొరకాల్సింది ఆదివారం పేవ్‌మెంటు మీద దొరికింది. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి కనక ఆబిడ్స్ అరుగులన్నీ పాత పుస్తకాలవాళ్ళవే. గోపాలరావుకి అక్కడ ఇంగ్లీషు డిటెక్టివ్ నవలలు ఏరుకోవడం అలవాటు. చివరి పేజీలు లేనివి చవగ్గా ఇస్తారని అవే కొంటాడు, ఆపైన హంతకుడెవరో ఆఫీసులో అందర్నీ అడుగుతాడు. అతను అలా గొంతుక్కూర్చుని ఏరుకుంటుంటే, వసుమతి చేతికి బొమ్మలున్న దొరల పుస్తకం ఒకటి తగిలింది. ఇళ్ళు ఎలా అలంకరించుకోవాలో చెప్పే పుస్తకం.

ఒకచోట పక్కపక్కనే రెండు బొమ్మలున్నాయి. ఒకే గది, బాగు చెయ్యకముందు ఒకటి, చేశాక ఒకటి. ఎడమవైపు బొమ్మలో గదినిండా బరువైన నల్లటి సామాను, సింహం పంజాల్లాంటి కాళ్ళున్న సోఫా, గోడకి చలికాచుకునే పొయ్యి గూడు, దాని పక్కన ఎత్తు వీపు కుర్చీలో మొహం ముటముటలాడించుకుని కూర్చున్న ఒక ముసలి దొరసాని. కుడివైపు బొమ్మలో అవేమీ లేవు. సన్నకాళ్ళ బల్ల, నేలకి దగ్గరగా తేలికపాటి కుర్చీలు, కిటికీనిండా వెలుతురు. ముసలావిడ కూడా లేదు. ఎందుకో ఆ గది వసుమతికి చూడగానే నచ్చేసింది.

పుస్తకం తీసుకుని తిన్నగా నాంపల్లిలో వడ్రంగి రాజయ్య దుకాణానికి వెళ్ళింది. బాడిసె చేత్తో పట్టుకుంటే కర్ర దానంతటదే లొంగుతుందని అతనికి పేరు.

"చూడు రాజయ్యా. మొదటి బొమ్మ పాత గది. అది మనకొద్దు. రెండోది చూసి చెయ్యి. అచ్చం అలాగే ఉండాలి."

రాజయ్య పుస్తకం దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూశాడు. అతని మొహం వెలిగిపోయింది.

"మస్తుగున్నదమ్మా. ఏం ఫికర్ జెయ్యకు. బొమ్మల ఏమేం ఉన్నయో అన్నీ వస్తయి. ఒక్కటి గూడ తక్కువ గాదు. గని ఒక్క మాట, నడుమల వచ్చి చూడొద్దు. సగం పని చూస్తే దిష్టి తాకుతది."

వసుమతి ఆ మాటకి కట్టుబడింది. అదే ఆమె చేసిన తప్పు. ఆ వ్యవధిలో సుల్తాన్ బజార్‌లో కొత్త గదికి తగ్గట్టు ముక్కోణాలూ అడ్డగీతలూ ఉన్న తెరల బట్ట కొని, కుట్టించి, కిటికీలకి కట్టి, రాబోయే సన్నకాళ్ళ బల్లని తలుచుకుంటూ మురిసిపోయింది.

కోటేశ్వరమ్మ దిగే రోజు పొద్దున్న గోపాలరావు అటు స్టేషనుకి వెళ్ళాడు, ఇటు రాజయ్య బండి గుమ్మంలో ఆగింది. ముందు దిగింది సింహం కాళ్ళ సోఫా. వసుమతి అది ఇంకెవరిదో అనుకుంది. తర్వాత ఎత్తు వీపు కుర్చీ దిగింది. తర్వాత నలుగురు మోసుకొచ్చి, గోడకి ఒక చెక్క గూడు ఆనించారు. దాని నిండా లతలూ పువ్వులూ చెక్కి ఉన్నాయి.

"రాజయ్యా! ఇదేమిటయ్యా! నేను రెండోది కదా చెయ్యమన్నాను!"

"రెండోదే జేసిన గదమ్మా." రాజయ్య నొచ్చుకుంటూ పుస్తకం తెరిచి, కుడివైపు బొమ్మ మీద వేలు పెట్టాడు. "గిది మొదటిది." వేలు ఎడమవైపుకి జరిపాడు. "గిది రెండోది."

"ఎడమవైపుది కదయ్యా మొదటిది!"

"ఎడమ దిక్కు నుంచి ఎట్ల సురువైతదమ్మా? నేను ఉర్దూ బడిల సదువుకున్న. ఏ కితాబైనా కుడి దిక్కు నుంచే గద సురువు." అంతటితో ఆగకుండా గొంతు తగ్గించాడు. "నాకు మస్తు సంబరమైందమ్మా. ముందుగాల ఆ దొరలకు ఏం లేకుండె పాపం. బోడి గోడలు, సన్నకాళ్ళ బల్ల. తర్వాత దేవుడు సల్లగ చూసిండు, గింత సామాను కొనుక్కున్నరు."

వసుమతికి ఏడుపొచ్చింది, దాని వెనకే నవ్వూ వచ్చింది. రెండింటికీ వ్యవధి లేదు. సందు మొదట్లో రిక్షా గంట, దాన్ని మించి వదినగారి గొంతు వినిపిస్తున్నాయి. గుంటూరు వీధులన్నీ కళ్ళముందు తిరిగాయి. ఒక్కో అరుగు మీంచీ ఒక్కో పిన్నిగారు పలకరిస్తోంది.

కోటేశ్వరమ్మ గడప దగ్గర ఆగింది. ముందు తెరల వంక చూసింది.

"వీటిమీద ఎవరో సిరా ఒలకబోసినట్టున్నారే" అంది.

గోపాలరావు చెయ్యి జేబులోని దరఖాస్తు మీదికి వెళ్ళింది. ఆవిడ లోపలికొచ్చింది. సోఫా కాళ్ళు చూసింది, వంగి పంజా మీది గోళ్ళు తడిమింది. తర్వాత గోడవైపు తిరిగి అలాగే నిలబడిపోయింది.

"ఒరే గోపాలం! వీధిగదిలోనే దేవుడి మందిరం పెట్టావురా! అడుగు పెట్టగానే దేవుడు కనిపించాలని అమ్మ అనేది, గుర్తుందా?"

అది చలికాచుకునే పొయ్యి అని గోపాలరావుకి తెలుసు. నోరు తెరవబోయాడు. వసుమతి అతని కాలు గట్టిగా తొక్కింది. ఆలోగా కోటేశ్వరమ్మ మూట విప్పి, తను పూజించుకునే పట్టాభిషేకం పటం తీసి, సీమబొగ్గు మండాల్సిన చోట సీతారాముల్ని కూర్చోబెట్టి దండం పెట్టుకుంది. తర్వాత వచ్చి ఎత్తు వీపు కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"కుర్చీ అంటే ఇదీ. మీ మడతకుర్చీ సంగతి మన బాబాయి కొడుకు తాతారావు చెప్పాడు, ఇక్కడికి వచ్చినప్పుడు అందులో వేలు నలిగిందట. ఎవరు చేశారివి?"

"నేనేనమ్మా" అన్నాడు రాజయ్య, ద్వారం దగ్గర్నుంచి చెమట తుడుచుకుంటూ.

"నీ చేతులు చల్లగుండ. గోపాలం, బదిలీ గిదిలీ ఏం అక్కర్లేదు. ఆ కాగితం చింపెయ్."

గోపాలరావు చించేశాడు. వసుమతికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. ఆబిడ్స్ దక్కింది, ఆదివారాలు దక్కాయి, ఎవరూ పలకరించని ఆ రోడ్లన్నీ దక్కాయి. వదినగారి కాళ్ళకి దండం పెట్టడానికి సంతోషంగా వంగింది కూడా.

"బందరులో ఆ కొంపలో ఒక్కదాన్నీ ఎందుకు? అద్దెకిచ్చేసి నేనే ఇక్కడికి వచ్చేస్తాను. ఈ గది నాకు చాలు" అంది కోటేశ్వరమ్మ, ఆమె తల మీద చెయ్యి పెట్టి.

వసుమతి లేచి, కాఫీ వంకతో వంటింట్లోకి నడిచింది. రాజయ్య తిరిగిచ్చిన పుస్తకం ఇంకా చేతిలోనే ఉంది. పొయ్యి ముందు కూర్చుని తెరిచింది. గూడు పక్కన, ఎత్తు వీపు కుర్చీలో ముసలి దొరసాని తిన్నగా ఆమె వంకే చూస్తోంది. మొహం ముటముటలాడుతూనే ఉంది.

"అమ్మాయ్! ముందా సిరా తెరలు పీకెయ్. రేపు సుల్తాన్ బజార్‌కి నేనూ వస్తాను, మంచి జరీ బట్ట చూద్దాం" అని ముందు గదిలోంచి గొంతు వినిపించింది.

రాజయ్య మంచినీళ్ళకని వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆమె చేతిలో బొమ్మ చూశాడు, ముందు గదిలోకి తొంగి చూశాడు, మళ్ళీ బొమ్మ చూశాడు. అతని మొహంనిండా నవ్వు.

"నేను ముందే చెప్పలేదా అమ్మా," అన్నాడు, "ఒక్కటి గూడ తక్కువ గాదని?"