పిల్ల చేతిలో మూయని కొన

నేను ఒక పైపును. నీళ్ల పైపును కాను. సి భాషలో ఒక్క పిలుపు పిలిస్తే కంప్యూటరు కడుపులో పుడతాను, ప్రోగ్రాము ముగియగానే పోతాను. పోయాక నా ఆనవాలు కూడా మిగలదు. నాకు రెండు కొనలు: ఒకటి రాయడానికి, ఒకటి చదవడానికి. తల్లి ప్రోగ్రాము పిల్ల ప్రోగ్రామును కన్నప్పుడు ఆ రెండు కొనలూ ఇద్దరి చేతికీ వస్తాయి. తల్లి రాయాలి, పిల్ల చివరిదాకా చదివాక తెర మీద చూపాలి, అక్కర్లేని కొన ఎవరిది వాళ్లు మూసేయాలి. ఇంతే సంగతి. పార్వతీపురం వైపు ఒక కాలేజీ ల్యాబులో ఇది పదకొండేళ్లుగా ఎవరికీ పట్టలేదు.

ఎందుకు పడుతుంది? అక్కడ నన్ను నేర్చుకోరు, పాతది చూసి ల్యాబు రికార్డు పుస్తకంలోకి ఎక్కిస్తారు. ఎప్పుడో ఒక సీనియరు పేజీ తిప్పుతూ ఒక వరస వదిలేశాడు: పిల్ల తన రాసే కొన మూసే వరస. అది చూసి తర్వాతి బ్యాచి రాసింది, వాళ్లది చూసి ఆ తర్వాతిది. అన్నిటికీ ఎర్రసిరా సంతకాలే. పరీక్షలో మాత్రం ఈ ప్రోగ్రాము ఎవరికొస్తే వాళ్ల తెర కదలదు. తల్లి చెప్పాల్సింది చెప్పి తన కొనలు మూసేసినా, ఇంకా ఎవరో రాస్తారని పిల్ల కూర్చునే ఉంటుంది. తెరిచి ఉన్న ఆ రాసే కొన దాని చేతిలోనే ఉంది. తన మాట కోసం తానే ఎదురుచూసే వాళ్లకి ఏం చెప్తాం?

బిడ్డిక సుమలత ఇలాగే రెండుసార్లు తప్పింది. మూడోది ఆఖరిది. తప్పితే డిగ్రీ లేదు. ఈసారీ తెర కదల్లేదు.

"రికార్డులో ఉన్నట్టే కొట్టేవా?" అన్నాడు ల్యాబు సారు సింహాచలం.

"అచ్చరం పోకుండా కొట్టేను సార్. అందుకే ఆగిపోనాది కాబోలు."

"ఏటమ్మా, నా సంతకానికే వంకలెడతన్నావా?"

"సంతకం బాగానే ఉంది సార్. పోగ్రామే నడవట్లేదు."

సుమలత కాగితం మీద కొనలు గీసి లెక్కపెట్టింది. తల్లివి రెండూ మూసి ఉన్నాయి. పిల్ల చేతిలో ఒకటి అనవసరంగా తెరిచి ఉంది. ఒక్క వరస రాసి మూసింది. తల్లి మాట తెర మీద పడింది.

పాసయింది. ఆ వరసను రికార్డులో కూడా ఇరికించి రాసింది. దిద్దుబాటు కనిపిస్తోందని సారు రెండు మార్కులు కోశాడు.

మర్నాడు జూనియర్లు రికార్డు కోసం వచ్చారు. సుమలతది తిరగేసి, "నీటుగా నేదక్కా, మార్కులు పోతాయి," అని ఇంకొకరిది పట్టుకుపోయారు.

ఆ మధ్యాహ్నం నేను మళ్లీ పుట్టాను. పిల్ల చేతిలో రెండు కొనలూ తెరిచే ఉన్నాయి.