దేవుళ్ళ వేషం కట్టిన గోడ

నేను ఒక గోడను. నన్ను బతికించాలని దేవుళ్ళ వేషం కట్టించారు. ఆ వేషమే నా ప్రాణం తీసింది.

గోదావరి ఒడ్డున ఓ ఊరి నడిబొడ్డున, ఇటుకా సున్నంతో, మణిమాల టాకీసుకు పక్క గోడగా పుట్టాను. టాకీసు పడగొట్టినా నేను మిగిలాను. నా నీడలో నూకరత్నం పెసరట్ల బండి పెట్టుకుంది. సినిమా బ్యానర్ల పని పోయి ఖాళీగా కూర్చున్న ఆర్టిస్టు సత్తిపండు నా ఒంటి మీద పాత ఊరంతా గీశాడు. గడియార స్తంభం, జట్కాల స్టాండు, టాకీసు ముఖద్వారం. అన్నీ కూల్చేసినవే. కూలుస్తున్నప్పుడు నోరెత్తని మనుషులు నా ముందు నిలబడి ఫోటోలు దిగేవారు.

ఒకరోజు కాంట్రాక్టరు వచ్చి నన్ను టేపుతో కొలిచాడు. షాపింగ్ కాంప్లెక్సు వస్తుందట. గోడ పోతే బండి చోటూ పోతుంది. నూకరత్నానికి మరో చోటు లేదు.

"ఒరే సత్తిపండూ, దీని మీద దేవుళ్ళని ఏసెయ్‌రా. ఉచ్చ పోసేవోడే ఆగిపోతాడు, పొక్లెయినోడు ఆగడా?"

"బొమ్మ పోద్దే అక్కా."

"గోడంటూ ఉంటే మళ్ళీ ఏసుకోవచ్చు. ఏసెయ్."

అతను పాత బొమ్మను అరచేత్తో ఒకసారి తడిమాడు. అయినా వేశాడు. గడియార స్తంభం మీద వెంకన్న, జట్కాల మీద దుర్గమ్మ, ద్వారం మీద ఆంజనేయుడు. నూకరత్నం ఉల్లిపాయ లేకుండా తొలి అట్టు పోసి నైవేద్యం పెట్టింది.

రంగు ఆరీ ఆరకముందే మున్సిపాలిటీ మేడం ఒకామె వచ్చింది, చేతిలో నా పాత ఫోటోతో.

"ఈ బొమ్మున్న గోడని ఉంచేసి, వెనకాల కాంప్లెక్సు కట్టుకోమన్నాం. ఏదండీ ఆ గోడ?"

నూకరత్నం అట్లకాడతో నన్ను చూపించింది.

"ఇదేనండి. బొమ్మ కిందుందండి," అన్నాడు సత్తిపండు.

"గీకితే రాదా?"

"వస్తదండి. ఎంకన్న మొహం ఎవరు గీకుతారండి?"

మేడం చుట్టూ చూసింది. ఎవరూ ముందుకు రాలేదు. "బొమ్మ లేకపోతే గోడ ఉంచడానికి వీల్లేదండీ," అంది. చెప్పులు విడిచి వెంకన్నకు దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయింది.

కాంట్రాక్టరుకు ఈ చిక్కేమీ లేదు. పంతులుగారిని పిలిపించి, కొబ్బరికాయ కొట్టించి, దేవుళ్ళకు ఉద్వాసన చెప్పించాడు. దాంతో నేను మళ్ళీ వట్టి గోడనయ్యాను. గీకడానికి భయపడ్డవాళ్ళంతా కొబ్బరిముక్క అందుకుని పక్కకు జరిగారు. పొక్లెయిన్ తొండం నా నడుము మీద పడింది.

ఇప్పుడు నేను ఒక ఇటుక పెళ్ళను. దేవుడి రూపం లేని ముక్క చూసి నూకరత్నం ఏరుకుంది. రైల్వే గేటు అవతల, నీడ లేని వాలులో, బండి జారకుండా నన్ను చక్రం కింద పెడుతోంది. ఒరుసుకుని ఒరుసుకుని దేవుళ్ళ వెనకాల వేసిన నీలం రంగు ఊడింది. నిన్న గడియారం ముల్లు బయటపడింది.

ఆమె చూసింది. పెనం మీద అట్టు మాడిపోతున్నా కదల్లేదు. తర్వాత వంగి నన్ను తిరగేసి, ముల్లు నేలకు తగిలేలా, మళ్ళీ చక్రం కిందే పెట్టింది. వాలులో బండి నిలవాలిగా.