రైల్వే గోడ కంత

సామ్రాజ్యాలు కత్తి వల్ల పడిపోవు, దారి మళ్లితే పడిపోతాయి. ఈ ముక్క నేను ఇరవై రెండేళ్లుగా పదో తరగతి పిల్లలకి చెబుతున్నాను. వాళ్లు ఇరవై రెండేళ్లుగా కత్తి వల్లే పడిపోయాయని పరీక్షలో రాస్తున్నారు. తురుష్కులు కాన్‌స్టాంటినోపుల్ పట్టుకున్నారు, మిరియాల దారి మూసుకుపోయింది, పోర్చుగీసువాళ్లు ఆఫ్రికా చుట్టూ తిరిగి ఇంకో దారి కనిపెట్టారు, వెనిస్ షావుకార్లు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. ఇంతేగా! ఇందులో అర్థం కానిదేముందో నాకైతే అర్థం కాదు.

వరహాలమ్మకి మాత్రం మొదటిసారే అర్థమైంది. ఆవిడ బడి మొహం చూసిన మనిషి కాదు. కంచరపాలెంలో రైల్వే గోడ పక్కన పొయ్యి పెట్టుకుని ఇడ్లీ, చేపల పులుసు అమ్మేది. గోదావరి జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చి ఒంటరిగా గదిలో ఉండే నాకు రోజూ టిఫిన్ అక్కడే.

ఆ గోడకి ఒక కంత ఉండేది. ఎవడు పొడిచాడో తెలీదు. ఇవతల పేట, అవతల పట్టాలు, పట్టాలు దాటితే పోర్టుకెళ్లే రోడ్డు. చుట్టూ తిరిగి వెళ్తే ముప్పావు గంట, కంతలోంచి దూరితే పది నిమిషాలు. పోర్టులో ఆరింటి సైరన్‌కి పని అందుకోవాల్సిన నాలుగైదు వందల మంది ఒక్కొక్కరే వంగి అందులోంచి దూరేవాళ్లు. దూరేముందు వరహాలమ్మ దగ్గర ఆగేవాళ్లు. మొగుడు పోయాక పదకొండేళ్లపాటు ఆవిడ ఆ కంత మీదే బతికింది. కూతురు తాయారుని నర్సు ట్రైనింగులో కూడా చేర్చింది.

డెబ్బై అయిదులో రైల్వేవాళ్లు వచ్చి, కంత పూడ్చేస్తామని గోడ మీద తారుతో రాసిపోయారు.

"ఏటి మేస్టారూ, మూసేత్తారట! మూసేత్తే నానేటి తిని బతకాల? తాయారు సదువేటైపోద్ది?" అంది వరహాలమ్మ.

నాకు బుద్ధుంటే ఒక అర్జీ రాసిచ్చి ఊరుకోవాలి. నోరు ఊరుకోదుగా! "పూర్వం రాజులు దారి కాపాడుకోవాలంటే దారిలో గుడి కట్టేవారు వరహాలమ్మా. సైన్యానికి భయపడనివాడు కూడా దేవుడికి భయపడతాడు" అన్నాను పులుసు జుర్రుకుంటూ. నేను పాఠం చెప్పాననుకున్నాను. ఆవిడ సలహా అనుకుంది.

మర్నాడు వెళ్లేసరికి కంత పక్కన ఒక రాయి. పసుపు, బొట్టు, వేపమండ. వంగి చూశాను. పిండి రుబ్బీ రుబ్బీ అరిగిపోయిన ఆవిడ రుబ్బురోలు పొత్రం.

"ఇదేవిటి?"

"అమ్మోరు" అంది, ఇడ్లీపాత్ర మూత తీస్తూ.

"ఏ అమ్మవారు?"

"కంతమ్మ తల్లి. ఎన్ని ఎయ్యమంటారు, నాలుగా, ఆరా?"

తాపీ మేస్త్రీ అర్జునరావు సిమెంటు బస్తాలతో వచ్చాడు. చూశాడు. తాపీ కింద పెట్టి లెంపలేసుకున్నాడు. "బాబోయ్, నాను పిల్లలు గలోణ్ణి. అమ్మోరి దారి నా సేత్తో కట్టనేను" అని రెండిడ్లీ తిని వెళ్లిపోయాడు. పైవాళ్లు ఇంకో మేస్త్రీని పంపారు. అతను నాలుగు తిన్నాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు.

అమ్మవారన్నాక మహిమలు మొదలవుతాయి. ఎవరికో జ్వరం తగ్గింది, ఎవరిదో తప్పిపోయిన మేక దొరికింది. మంగళవారం కోడి, ఆదివారం కోడి. అంతవరకూ బాగానే ఉంది. ఇంతలో ఎవడో పెద్దమనిషి, అమ్మవారి ముందు నుంచి చెప్పులతో దూరడమేవిటన్నాడు. నిజమేనని అందరూ విప్పి చేత్తో పట్టుకుని దూరడం మొదలెట్టారు. ఖర్మకాలి ఆ ఏడే వాళ్లకి పనిచోట లేసుల బూట్లిచ్చారు. లేసులు విప్పాలి, వంగాలి, దూరాలి, అవతల మళ్లీ కట్టాలి. వెనక వందమంది నిలబడి తిట్టుకోవాలి. పైగా ముందురోజు తాగినవాడు దూరకూడదు, ఇంట్లో మైల ఉన్నవాడు దూరకూడదు. సైరన్‌కి ఇవేవీ పట్టవు.

టీ కొట్టు ఎల్లారావు ఒక ఫర్లాంగు అవతల, తన కొట్టు పక్కనే, గునపంతో ఇంకో కంత పొడిచాడు. వాస్కోడగామాకి పది నెలలు పట్టింది. ఎల్లారావుకి ఒక మధ్యాహ్నం పట్టింది.

వారం తిరక్కుండా జనం అటు మళ్లిపోయారు. వరహాలమ్మ రోడ్డుకి అడ్డంగా నిలబడి, "రండి నాయినా, బేగి దూరిపోండి, అమ్మోరేటీ అనుకోదు!" అని బతిమాలేది.

"తప్పు తప్పు! అలాగనకు వరహాలత్తా, కళ్లు పోతాయి" అని కంతమ్మకి దూరం నుంచే దణ్ణం పెట్టి, ఎల్లారావు కంతకే పోయేవారు. గంపెడు ఇడ్లీలు మిగిలిపోయేవి. ఆవిడ వాటివంక చూస్తూ కూర్చుంటే నాకు ముద్ద దిగేది కాదు.

పుండు మీద కారంలాగా అమ్మవారికి గుడి కమిటీ వచ్చింది. అధ్యక్షుడు ఎల్లారావే. ఈ కంతలో భక్తి ఎంత పెరిగితే ఆ కంతలో టీలు అంత అమ్ముడుపోతాయని వాడికి తెలుసు. వెధవ, నా క్లాసులో మూడుసార్లు తప్పాడు గాని పాఠం మాత్రం బాగా ఒంటబట్టింది. కమిటీ ఒక పంతులుగారిని తెచ్చింది, కోళ్లు మాన్పించింది, పులిహోర పెట్టించింది. అమ్మవారికి ప్రమోషన్ వచ్చింది కాబట్టి ఎదురుగా చేపల పులుసు పనికిరాదన్నారు. మూడు రోజుల్లో పొయ్యి ఎత్తెయ్యమన్నారు.

నాకు ఒళ్లు మండిపోయింది. కమిటీ మీటింగులో లేచి, "అది పొత్రంరా చవటల్లారా! పదకొండేళ్లు ఆవిడ దాంతో పిండి రుబ్బింది!" అని అరిచాను. ఒక్కడూ నమ్మలేదు.

"మేస్టారికి సదువెక్కువైపోనాది" అన్నాడు ఎల్లారావు శాంతంగా. అపచారం పోవడానికి నా చేతే కొబ్బరికాయ కొట్టించి కూర్చోబెట్టారు.

గడువు చివరిరోజు మిట్టమధ్యాహ్నం గునపం పట్టుకుని వెళ్లాను. సామాన్లు సర్దుకుంటున్న వరహాలమ్మ తప్ప అక్కడెవరూ లేరు. గునపం రాతి కింద దూర్చానో లేదో వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"ఒగ్గీండి మేస్టారూ."

"ఇది నీ పొత్రం! నా మాట పట్టుకుని పెట్టావు. నీ కొంప ముంచింది నేను. నన్ను పీకనీ!"

"నాను పెట్టినపుడు పొత్రవే. మొన్న మన పేట నూకాలు జొరవొచ్చిన నెలల గుంటడ్ని దీని ముందర పడుకోబెట్టి పొద్దుగూకులూ ఏడిసింది. ఆడు బతికినాడు. ఇపుడిది పీకేసి నూకాలుకేటని సెప్పాల? పొత్రం కాడ ఏడిసినావే అని సెప్పాలా?"

గునపం పక్కన పడేశాను.

ఎల్లారావు కంతకి అవతల, పట్టాల వారన జానెడు చోటుందట. ఎవరైనా తరిమితే లేచిపోవాలి. అక్కడ కూర్చుంటానంది. పెద్ద బుట్టలో గిన్నెలన్నీ సర్దింది. కంతమ్మ ముందుకెళ్లి, చెప్పులు విప్పి, కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడింది.

"ఏం మొక్కుకున్నావు?" అనడిగాను.

"ఆ కంత కాడ ఇంకెవులూ అమ్మోర్ని పెట్టకుండా సూడు తల్లీ, అని."

నవ్వబోయాను. బుట్టకి రెండోవైపు నేను పట్టుకున్నాను.